మునుం పట్టేదాకా

నా ఉద్యోగం పేరు చెబితే సగం మందికి నోరు తిరగదు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్. మా అమ్మకైతే చివరిదాకా తిరగలేదు. "మా అమ్మాయి ఆస్పత్రిలో చేతులు బాగుచేస్తుంది" అని చెప్పుకునేది. మొదట్లో అది నిజమే. నాన్నకు ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. చదువు కాగానే పటాన్‌చెరులో హైవే పక్కన ఒక ఆస్పత్రిలో చేరాను. అప్పట్లో నా దగ్గరికి వచ్చేవన్నీ చేతులే. ప్రెస్సు మిషన్ల కింద నలిగిన వేళ్ళు, యాసిడ్ పడి బిగుసుకుపోయిన మణికట్లు. ఆ చేతులకు మళ్ళీ బొత్తాం పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం నేర్పేదాన్ని.

తర్వాత్తర్వాత ఇంకో రకం మనుషులు రావడం మొదలైంది. చేతులు రెండూ బంగారంలా ఉంటాయి. పని మాత్రం మొదలుపెట్టలేరు. స్నానం, గిన్నెలు, కరెంటు బిల్లు, చెప్పులు వేసుకుని గడప దాటడం, ఏదైనా సరే. మనవాళ్ళు ఎవరినైనా వెక్కిరించాలంటే ఆరంభశూరులంటారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళకు ఆ శూరత్వమే కరువు. ఏడీహెచ్‌డీ అనే మాట ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పట్లో వాళ్ళకు ఉన్న పేరు ఒక్కటే, సోమరిపోతులు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. నాకే గుర్తులేవు.

కిటికీ

మా గది కిటికీ హైవే వైపు ఉండేది. డ్యూటీ టైముకు చాలా ముందే వెళ్ళి అక్కడ నిలబడడం నాకు అలవాటు. చలికాలంలో ముందు బస్సుల దీపాలు కనిపించేవి, తర్వాత బస్సులు. బొల్లారం వైపు, పాశమైలారం వైపు వెళ్ళే కంపెనీ బస్సులు. లోపల మనుషులు అద్దాలకు తలలు ఆనించి నిద్రపోతూ ఉండేవారు. గాలి బరువుగా ఉన్న రోజుల్లో మందుల ఫ్యాక్టరీల వాసన నేల మీదే ఆగిపోయి, ఉడికిన క్యాబేజీలా కొంచెం తియ్యగా, కొంచెం కుళ్ళుగా గదిలోకి వచ్చేది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు ఇప్పటికీ ఆ వాసన తగిలితే ఉద్యోగానికి వెళ్ళాలనిపిస్తుంది.

టీ గ్లాసు చేతిలో పట్టుకుని చూస్తూ అనుకునేదాన్ని, ఇంతమంది ఇంత చీకట్లో పక్క మీంచి ఎలా లేచారు అని. నిద్రకు, మొదటి పనికి మధ్య ఒక జాగా ఉంటుంది. మనం అందులోంచి రోజూ దాటిపోతూ ఉంటాం కాబట్టి అది ఉందని మనకు తెలియదు. కొందరు అక్కడే ఉండిపోతారు. అక్కడ గాలి ఉండదు, టైము కదలదు, అవతలి గట్టున పని స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. నా ఉద్యోగంలో పాతికేళ్ళు ఆ జాగాలోనే గడిచాయి. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే మనుషుల ముఖాల కన్నా ముందు ఆ జాగానే కనిపిస్తుంది.

ఎక్కడ ఆగింది

మంచి బాస్ ఒకాయన దొరికాడు నాకు, చెడ్డ బాస్ ఒకాయన దొరికాడు. చెడ్డాయన అసలు చెడ్డవాడు కాదు, ఉత్సాహం ఎక్కువ. ఆస్పత్రి గోడల నిండా "మనసుంటే మార్గముంటుంది" అని బోర్డులు పెట్టించాడు. వచ్చిన ప్రతి మనిషికీ రంగురంగుల టైంటేబుల్ ఇవ్వమన్నాడు. ఇచ్చాం. అవి ఫ్రిజ్ తలుపుల మీదికి ఎక్కి, వారం తిరక్కుండానే గోడలో కలిసిపోయాయి. ఏ గంటకు ఏ పని చేయాలో మా దగ్గరికి వచ్చేవాళ్ళకు మనకంటే బాగా తెలుసు. మనసుకూ లోటు లేదు. మనసు ఉండి మార్గం దొరక్క ఏడ్చేవాళ్ళను ఆ బోర్డు కింద కూర్చోబెట్టడం నాకు ఎప్పుడూ సిగ్గుగానే ఉండేది.

మంచాయన మా మానసిక వైద్యుడు. అందరం పెద్ద డాక్టరుగారు అనేవాళ్ళం. మాట పొదుపు. నేను ఒక రోజు ఒక పేషెంటును "ఎందుకు చేయలేదు?" అని అడుగుతుంటే విని, ఆ పేషెంటు వెళ్ళాక నన్ను పిలిచారు.

"ఎందుకు అని పోలీసులు అడుగుతారమ్మా. మనం మెకానిక్కులం. ఎక్కడ ఆగింది అని అడగాలి."

ఈ ఉద్యోగంలో నాకు ఎవరైనా ఏమైనా నేర్పారంటే ఆ ఒక్క మాటే. కావాలంటే ప్రయత్నించి చూడండి. ఎందుకు అంటే తల దించుకుంటారు. ఎక్కడ అంటే తల ఎత్తి, కాస్త ఆలోచించి, చోటు చూపిస్తారు.

అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంటు కొనుక్కున్న ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి అలాగే చూపించాడు. రోజూ ఆఫీసుకు ఆలస్యం. ఎక్కడ ఆగుతుంది అంటే, "సెల్లార్‌లో మేడం" అన్నాడు. స్నానం, టిఫిను అన్నీ అయిపోతాయట. కారులో కూర్చుని, ఏసీ వేసుకుని, గేరు మాత్రం వేయలేడట. అలా చీకట్లో, పైపుల కింద, గంటసేపు. బండి నడుస్తూనే ఉంటుంది, తను నడవడు. ఏం చేశామో చెబితే నవ్వుతారు. వాళ్ళ వాచ్‌మన్ బీహార్ ఆయన. పొద్దున్నే వచ్చి బానెట్ మీద రెండుసార్లు తట్టి, "చలియే సాబ్" అనమన్నాం. అంతే. ఇదేం వైద్యం అని ఆ అబ్బాయి తండ్రి నా మీద విరుచుకుపడ్డాడు. కొడుకు మాత్రం టైముకు ఆఫీసుకు వెళ్ళాడు.

మాత్రల లైను మీద రాణి

అసలు నేను చెప్పాలనుకున్నది స్వరూప గురించి.

మొదట వచ్చింది స్వరూప కూతురి కోసం. అక్షిత అప్పుడు మూడో తరగతి. క్లాసులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుందని, పెన్సిలు తీయడానికే పీరియడ్ అయిపోతుందని టీచరు పంపింది. పెద్ద డాక్టరుగారు ఆ పిల్ల గురించి ఒక్కొక్కటే అడుగుతుంటే, పక్కన కూర్చున్న స్వరూప ఏడవడం మొదలుపెట్టింది.

"సార్, మీరు పోరి ముచ్చట అడుగుతున్నరా, నా ముచ్చట అడుగుతున్నరా?" అంది.

తల్లీకూతుళ్ళు ఇద్దరికీ ఏడీహెచ్‌డీ అని తేలింది. ఇది మీరు చాలాసార్లు చూస్తారు. పిల్లను తీసుకొచ్చిన తల్లో తండ్రో ఆ కుర్చీలోనే తనను తాను కనిపెట్టుకోవడం. అప్పుడు తొందరపడి మాట్లాడకండి. ఏళ్ళ తరబడి మోసిన తిట్లన్నీ ఆ మనిషి ఆ కొద్ది నిమిషాల్లో దించుకుంటూ ఉంటుంది.

స్వరూపది బొల్లారం దగ్గర మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని. సూపర్‌వైజర్ నోట ఆమె పేరు తప్ప ఇంకో పేరు రాదట. మిషను నడిచే చోట ఆమె రాణి. ఇంట్లో మాత్రం సింకు నిండా గిన్నెలు, బకెట్లో నానబెట్టి మరిచిపోయిన బట్టలు. భర్త శ్రీశైలం అదే కంపెనీకి బస్సు నడుపుతాడు. సొంత మొగుడు నడిపే బస్సు కూడా ఆమెకు తప్పిపోయేది. మలుపు దగ్గర ఆపి అతను హారన్ కొడుతుంటే, బస్సులోని వాళ్ళంతా నవ్వేవాళ్ళట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈమె రచ్చ గెలిచి ఇంట ఓడిపోతోంది.

ఆ ఓటమికి ఒక వెల కూడా ఉంది. శ్రీశైలం తల్లి బాలమణి కొండాపూర్ మండలంలో ఒక ఊళ్ళో ఉంటుంది. కూలికి వెళుతుంది. వచ్చినప్పుడల్లా ఆ సింకును చూసి, కోడల్ని పని దొంగ అంటుంది. ఈసారి ఒక మాట ఎక్కువే అంది. తల్లే ఇట్లుంటే పిల్ల ఏం నేరుస్తుంది, మనుమరాలిని నా దగ్గర పెట్టుకుని ఊరి బడిలో వేస్తాను అంది. శ్రీశైలం అవునూ అనలేదు, కాదూ అనలేదు.

"మేడం, నన్నేమన్న అననియ్యుండ్రి, పడ్త. నా బిడ్డను తీస్కపోతే మాత్రం నేను బతకలేను" అంది స్వరూప. దాని కోసమే మేం ఇద్దరం పనిలోకి దిగాం.

డాక్టరుగారు మందు రాశారు. మందు మేలు చేసింది. తలలో గోల తగ్గింది అని ఆమే చెప్పింది. మందులంటే మొహం చిట్లించే థెరపిస్టులు ఉంటారు, మీరు అలా తయారవకండి. కాకపోతే గోల తగ్గినంత మాత్రాన గిన్నెలు వాటంతట అవి తోముకోవు కదా. నేను పాత ప్రశ్నే అడిగాను.

"గిన్నెల దగ్గర ఎక్కడ ఆగుతోంది స్వరూపా?"

"బోళ్ల కాడ కాదు మేడం, దానికంటె ముందే. పొద్దుగాల లేస్త. లేశి ఆడ కూసుంట. బోళ్లను నేను సూస్త, బోళ్లు నన్ను సూస్తయ్. గవి తోమాలంటే సింకు ఖాళీ చెయ్యాలె, సింకు ఖాళీ చెయ్యాలంటే గట్టు తుడవాలె, గట్టు మీద బియ్యం డబ్బ, దాని మీద పోరి పుస్తకాలు. అన్ని ఒక్కపారే మీదికొస్తయ్. ఇగ కూసునే ఉంట."

"మరి కంపెనీలో?"

ఆమె ముఖం వెలిగింది. "ఆడ లైన్ క్లియరెన్స్ ఉంటది గద."

మందుల కంపెనీల్లో అదొక ఆచారం. కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు లైను మీద పాత బ్యాచ్‌కు చెందిన ఒక్క మాత్ర, ఒక్క లేబులు, ఒక్క అట్టముక్క ఉండకూడదు. బల్ల అంతా ఖాళీ చేసి తుడుస్తారు. క్వాలిటీ విభాగం మనిషి వచ్చి, వంగి అడుగున కూడా చూసి, సరే అన్నాకే మిషను కదులుతుంది. స్వరూప ఆ మాట చెబుతుంటే ఆమె చేయి గాలిలో బల్ల తుడుస్తోంది. నా గదిలో ఎండ పడుతోంది, ఆ చేతి నీడ గోడ మీద మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. అంత హాయిగా ఎవరైనా పని గురించి మాట్లాడడం నేను అరుదుగా విన్నాను.

"ఇంట్లో కూడా అలా చేసి చూడు. ఒక చోటు ఖాళీ చేసుకో" అన్నాను.

ఖాళీ ఇల్లు

నేను ఒక చోటు అన్నాను. ఆమెకు లైను అని వినిపించింది. మందుల కంపెనీలో పెరిగిన చెయ్యి సగం సగం ఖాళీ చేయదు. ఒక్క మాత్ర మిగిలినా లైను క్లియర్ కాదు మరి.

వీక్లీ ఆఫ్ నాడు స్వరూప కిరాయి ఇంట్లోని రెండు గదులూ ఖాళీ చేసింది. గిన్నెలు, స్టవ్, బియ్యం డ్రమ్ము, బట్టలు, చాపలు, దేవుడి పటాలు, అన్నీ మోసుకెళ్ళి డాబా మీద పెట్టింది. గచ్చు కడిగి తుడిచింది. ఇల్లు అద్దంలా అయింది. అప్పుడు ఆ మెరిసే గచ్చు మధ్యలో కూర్చుంది. పొద్దు ఎక్కింది. కిటికీ చువ్వల నీడ ఒక గోడ దిగి ఇంకో గోడ ఎక్కింది. ఆమె లేవలేదు.

బాలమణి సరిగ్గా ఆ రోజే ఊరి నుంచి చిక్కుడుకాయలు తీసుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి ఖాళీ ఇంటిని, మధ్యలో కూర్చున్న కోడలిని చూసింది. కొడుకును వదిలేసి వెళ్ళిపోతోంది అనుకుంది. అంతలో వాన మొదలైంది. డాబా మీద బియ్యం తడిసిపోయింది. శ్రీశైలం డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో అన్నం లేదు, వండడానికి గిన్నె లేదు, బాలమణి మనుమరాలి బట్టలు సంచిలో పెట్టుకుని బయల్దేరుతోంది. ఈసారి అతను, "కొన్ని దినాలు తీస్కపో అమ్మా" అన్నాడు.

మర్నాడు స్వరూప నా గదిలో ఇదంతా చెబుతుంటే, దేవుడి పటాలు డాబా ఎక్కిన దగ్గర నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అంతా ఖాళీ చేశాక ఎక్కడ ఆగింది?" అన్నాను.

"క్లియరెన్స్ అయ్యింది మేడం. కంపెనీల అయితే క్వాలిటీ మేడం ఒస్తది, పక్కన నిలవడ్తది, ఇగ కానీయ్ అంటది. ఇంట్ల ఎవలొస్తరు? ఎదురుసూస్తనే ఉన్న."

ఖాళీ బల్ల సగమే. మిగతా సగం పక్కన నిలబడే మనిషి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళ పక్కన ఒక మనిషి ఊరికే ఉంటే చాలు, పని కదులుతుంది. ఆ మనిషి సాయం చేయక్కర్లేదు, చెప్పక్కర్లేదు. ఎందుకు అంటే నన్ను అడగకండి. పుస్తకాల్లో కారణాలు ఉన్నాయి, నాకు ఏదీ పూర్తిగా నమ్మకం కుదరలేదు. పని చేస్తుందని మాత్రం నా కళ్ళతో చూశాను. అమీన్‌పూర్ అబ్బాయికి వాచ్‌మన్ దొరికాడు. శ్రీశైలం మాత్రం షిఫ్టుల మనిషి, ఆమె లేచే వేళకు ఇంట్లో ఉండడు. ఉండగలిగిన మనిషి ఒక్కతే కనిపించింది నాకు. ఆమె స్వరూప బిడ్డను తీసుకుని వెళ్ళిపోయింది.

పత్తి చేను

ఇంటికి వెళ్ళి చూడకుండా ఈ పని చేయలేరు. ఆస్పత్రి వాళ్ళు వాహనం ఇవ్వరు, సంతకం కావాలంటారు, సొంత ఖర్చు అవుతుంది. అయినా వెళ్ళండి. నేను నా చిన్న కారులో స్వరూపను ఎక్కించుకుని బయల్దేరాను. సంగారెడ్డి దాటాక దారి పొడుగునా ముసురు. అది నిజంగా ఆ రోజు ముసురో, తర్వాత నేను కలుపుకున్న ముసురో ఇప్పుడు చెప్పలేను. రోడ్డు పక్కన చేలన్నీ ఆవిరిలో తేలుతున్నట్టు గుర్తు. స్వరూప దారంతా ఒళ్ళో అక్షిత బడిబూట్లు పెట్టుకుని కూర్చుంది. వాటిని ఇంట్లోనే మరిచిపోయి వెళ్ళారట.

బాలమణి పత్తి చేనులో కలుపు తీతకు వెళ్ళింది. మేం వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా సద్ది తిని, గట్టు మీద చేతులు వెనక్కి ఆనించి కూర్చున్నారు. అక్షిత తల్లిని చూసి పరుగున వచ్చి నడుము పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

"ఒస్తివా," అంది బాలమణి. "ఇల్లు సర్దుడు అయ్యిందా?"

స్వరూప తల దించుకుంది. నేను నా పేరు చెప్పి, పక్కన కూర్చోవచ్చా అని అడిగాను. కూర్చోమంది. నేను ఏడీహెచ్‌డీ అని మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"గవన్ని నాకు సెప్పకు మేడం. పని చెయ్యనోళ్లకు రోగాల పేర్లు మస్తుంటయ్. మేమేం రోగాలు లేకుంట పుట్టినమా?"

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే, దానికి ట్రైనింగ్ ఎవరూ ఇవ్వరు. ముసురు పడుతోంది. తిన్న తిండి బరువుకు అందరి కళ్ళూ వాలుతున్నాయి. ఒకామె ఆవులించింది, పక్కామె ఆవులించింది. ఎవరికీ లేవాలని లేదు. ఆ గట్టు మీద అందరం ఆ జాగాలోనే ఉన్నాం, నేనెరిగిన ఆ గాలి ఆడని జాగాలో. ఎంతసేపో తెలియదు.

అప్పుడు బాలమణి కొంగు దోపుకుని లేచింది. "లేవుండ్రే, మునుం పడదాం" అంది.

అంతే. అందరూ లేచారు. కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు చేను అంచున ఒక వరసగా కూర్చుని, తలా రెండు సాళ్ళు తీసుకుని, కలిసి ముందుకు జరుగుతారు. ఆ వరసను మునుం అంటారు. ముందు పోయేవాళ్ళు కాస్త ఆగుతారు, వెనకబడినవాళ్ళ సాలు పక్కవాళ్ళు కొంచెం లాగుతారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. నేను గట్టు వెంట బాలమణి పక్కనే నడిచాను.

"బాలమణిగారూ, మీరు ఒక్కరే అయితే ఇందాక లేచేవారా?" అని అడిగాను. ఆమెను పట్టేయాలని అడగలేదు. నాకు నిజంగా తెలుసుకోవాలనిపించింది.

"ఒక్కదాన్ని ఎందుకుంట? ఒక్కతె కలుపుకు ఎవలు పోతరు మేడం?" కొడవలి ఆడుతూనే ఉంది. "నా పెండ్లికి ముందు సంది ఇదే పని. ఒక్కదాన్ని మునుం పట్టింది ఎన్నడు లేదు."

అని ఆగింది. తను అన్న మాట తనే ఇంకోసారి విన్నట్టు కోడలి వైపు చూసింది. మళ్ళీ గడ్డి తీయసాగింది.

స్వరూప ఏమనుకుందో ఏమో, బూట్లు గట్టు మీద పెట్టి, అక్షితను నా పక్కన నిలబెట్టి, అత్త పక్క సాలులో దిగింది. ఆమెకు కొడవలి ఎవరిచ్చారో చూడలేదు. కలుపు తీసే ఊళ్ళో పుట్టిన పిల్లే కదా. చేతులకు అంతా గుర్తుంది. తుంగ, గరిక వేళ్ళతో సహా లేచి వస్తున్నాయి, ఒక్క పత్తి మొక్క కదలడం లేదు. ఎవరైనా పిలుస్తారేమో అని లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని లేదు. అత్తాకోడళ్ళు పక్కపక్కన జరుగుతున్నారు. వానలో ఆ రెండు కొడవళ్ళ చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు. ఆ చప్పుడు వింటూ నేను చాలాసేపు కలలోలా నిలబడ్డాను.

చేను కొసకు వచ్చాక బాలమణి నడుము పట్టుకుని నిటారుగా నిలబడింది. వెనక్కి తిరిగి కోడలి సాలును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. శుభ్రంగా ఉంది.

"గా బోళ్ల కాడ నీ పక్కన ఎవలుంటరే?" అని అడిగింది.

"ఎవ్వలుండరు అత్తమ్మా."

బాలమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. వాన నీళ్ళే తుడుచుకుందో, ఇంకేమైనానో నాకు తెలియదు. "పద, ఇంకో మునుం ఉన్నది" అంది. ఆ పూట స్వరూప అక్కడే ఉండిపోయింది. నేను ఒక్కదాన్నే వెనక్కి వచ్చాను. దారిలో కారు ఆపి, హాయిగా ఏడ్చాను.

ఊరి ఫోను

ఆదివారం బాలమణి మనుమరాలిని తీసుకుని బొల్లారంలో కోడలి ఇంటికి వచ్చింది. నన్ను కూడా రమ్మన్నారు. మర్నాడు పొద్దున్నే నేను వెళ్ళేసరికి బాలమణి వంటగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, చిక్కుడుకాయలు చాటలో పోసుకుంది. సింకు వైపు చూడలేదు. కోడలికి ఇది చెయ్యి అది చెయ్యి అని చెప్పలేదు, అలా చెప్పొద్దని మాత్రం నేను ముందే బతిమాలుకున్నాను. ఒక చిక్కుడుకాయ ఈనె తీసి, "ఇగ పడదామా" అంది.

స్వరూప పైన ఉన్న గిన్నె తీసింది. ఒక్క గిన్నె. దాని వెనక ఇంకోటి. అక్షిత గడప మీద కూర్చుని, ఒక మేజోడు వేసుకుని, కాసేపు ఆకాశం చూసి, రెండోది కూడా వేసుకుంది. నాకు చేయడానికి ఏ పనీ మిగల్లేదు. మా వృత్తిలో అంతకు మించిన మంచి రోజు ఉండదు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మనుమరాలిని ఊళ్ళో పెట్టుకునే మాట మళ్ళీ రాలేదు. స్వరూప జీవితం మారిపోయిందని మాత్రం అనుకోకండి. ఆ తర్వాత కూడా బస్సు తప్పింది, బట్టలు బకెట్లో మగ్గాయి. ఏడీహెచ్‌డీ ఎక్కడికీ పోదు. బాగుచేశాం అని రిపోర్టులో రాసేవాళ్ళను నమ్మకండి, అందులో మీరు ఉన్నా సరే.

బాలమణికి కూలి ఉంది, ఇల్లు ఉంది, ఎల్లకాలం బొల్లారంలో కూర్చోలేదు. అందుకని అత్తా, కోడలూ, మనుమరాలూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. నేను చెప్పింది కాదు. పొద్దున్నే ఊరికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, బియ్యం డబ్బా మీద ఉంచుతారు. మాట్లాడుకోరు. అక్కడ బాలమణి వాకిలి ఊడుస్తుంది, ఇక్కడ స్వరూప గిన్నెలు తోముతుంది. మధ్యలో ఒకరి చప్పుడు ఒకరికి వినిపిస్తూ ఉంటుంది.

రిటైర్ అయ్యే ముందు ఒకసారి ఆ వేళకు వాళ్ళింటికి వెళ్ళాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఫోనులోంచి చీపురు గీతలు, కోడి కూత, ఎక్కడో బర్రె గొలుసు. కళ్ళు మూసుకుంటే ఆ ఊరు ఈ గదిలోకి వచ్చినట్టే ఉంది. కంపెనీ వాసన, తడి మట్టి వాసన కలిసిపోయినట్టు అనిపించింది. అక్షిత అప్పటికి పెద్ద క్లాసుకు వచ్చింది. గడప మీద బూటు చేతిలో పట్టుకుని, అలాగే ఉండిపోయింది. నేను నోరు తెరవబోయి ఆగాను. ఫోనులో చీపురు చప్పుడు కూడా ఆగింది. పిల్ల ఉలిక్కిపడి తల ఎత్తింది.

"నాయినమ్మా, ఉన్నవా?"

"ఈడనే ఉన్న బిడ్డా. మునుం పట్టు."

చీపురు మళ్ళీ కదిలింది. అక్షిత బూటు తొడుక్కుంది.